ఎండాకాలం ఖర్చులో ఆవకాయ తప్పేమీ లేదు

ప్రశ్న: మేము ఖమ్మంలో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా వారు బట్టల దుకాణంలో పనిచేస్తారు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇద్దరు పిల్లలు, 68 ఏళ్ల అత్తయ్య మాతో ఉంటారు. తెల్ల రేషన్ కార్డు ఉండడంతో మార్చి వరకు కరెంటుకు జీరో బిల్లు వచ్చేది. మా తమ్ముడు ఇచ్చిన పాత ఏసీని ఏప్రిల్‌లో రాత్రిళ్లు మూడేసి గంటలు వాడాము. 262 యూనిట్లు కాలాయని 1,630 రూపాయల బిల్లు వచ్చింది. నీళ్ల క్యాన్లకు 1,200, పిల్లల కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములకు 1,400 అయింది. ఇక ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు, కందిపప్పు, పచ్చళ్ల సామాను కలిపి 8,000 అవుతుందని అంచనా. "ఈ ఏడాది ఆవకాయ మానేద్దాం, కావాలంటే సీసా కొనుక్కుందాం" అని మా వారు అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తయ్య ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. ఎక్కడ తగ్గించుకోవాలో చెప్పగలరు. – ఒక గృహిణి, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీరు రాసిన అంకెలన్నీ కూడితే 12,230 రూపాయలు తేలింది. రెండు చేతులా కష్టపడే ఇంట్లో ఆ మొత్తం చూసి మీ వారు కంగారు పడడం సహజమే. కానీ అందులో రెండు రకాల డబ్బు కలిసిపోయి ఉంది. వాటిని ముందు విడదీసుకోకపోతే తగ్గించకూడని చోట తగ్గించి, తగ్గించవలసిన చోటును అలాగే వదిలేస్తారు. కరెంటు బిల్లు, నీళ్ల క్యాన్లు, కూల్‌డ్రింకులు కలిపి 4,230 రూపాయలు. ఇది ఎండతోపాటే ఆవిరైపోయే డబ్బు, జూన్‌లో వెనక్కి తిరిగి చూస్తే దాని తాలూకు గుర్తు కూడా మిగలదు. మిగిలిన ఎనిమిది వేలు జాడీల్లోకి, డబ్బాల్లోకి వెళ్లి వచ్చే ఎండాకాలం దాకా మీ ఐదుగురి కంచాల్లోకి వస్తూనే ఉంటుంది. దాన్ని పన్నెండు నెలలకు పంచి చూడండి, నెలకు 670 రూపాయలు కూడా పడదు. మిరపకాయలూ చింతపండూ కొత్తగా బజారుకు వచ్చేదీ, మామిడికాయ పచ్చడికి పదునుగా దొరికేదీ ఈ రోజుల్లోనే కాబట్టి ఏడాది వంటింటి ఖర్చులో పెద్ద ముక్క ఒకటి ఈ రెండు నెలల నెత్తిన పడుతుంది తప్ప, అది ఎండాకాలం చేసిన దుబారా కాదు. మీ వారు ఆవకాయను తప్పు పడుతున్నారు గాని, అసలు చిల్లు మీ గుమ్మం పక్కన గోడకున్న మీటరులో ఉంది.

గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే తెల్ల కార్డు ఇళ్లకు జీరో బిల్లు వస్తున్న సంగతి మీకు తెలిసిందే. చాలామంది పొరబడేది ఎక్కడంటే, 200 దాటితే దాటిన యూనిట్లకే డబ్బు కట్టాలనుకుంటారు. అలా కాదు, 201వ యూనిట్టు పడగానే మొదటి యూనిట్టు నుంచి బిల్లు మొత్తం మీదే. పైగా తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ధరల ప్రకారం, వాడకం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున, ఆ పైన 300 వరకు 7.70 చొప్పున లెక్క కడతారు. మీ 262 యూనిట్లకు అలా 1,497 రూపాయలు, మిగిలిన చార్జీలు, సుంకం కలుపుకొని 1,630 అయింది. పథకం వర్తించని పక్కింటివారికి కూడా ఈ గీత దగ్గర దెబ్బ తగులుతుంది: 200 యూనిట్లకు కరెంటు చార్జీ 820 రూపాయలు కాగా 201కి 1,027 దాటుతుంది. వారికి ఆ ఒక్క యూనిట్టు వెల రెండు వందల పైచిలుకు, మీకైతే వెయ్యి రూపాయల పైమాటే. (ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మీ బంధువులతో ఈ బిల్లును పోల్చుకోకండి, అక్కడ ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు ధరే పడుతుంది, ఇంత నిట్టనిలువు గోడ ఉండదు.)

అందువల్ల మీరు వేసుకోవలసిన ప్రశ్న "కరెంటు ఎలా తగ్గించాలి" అనేది కాదు, "రోజుకు రెండు యూనిట్లు ఎలా తగ్గించాలి" అనేది. 262 నుంచి 200కు దిగాలంటే నెలకు 62, అంటే రోజుకు రెండు యూనిట్ల పైన కొద్దిగా. ఇంత చిన్న లెక్క కోసం ఏసీ తీసేయనక్కరలేదు, అత్తయ్యను ఉక్కపోతలో పడుకోబెట్టనూ అక్కరలేదు.

ముందు ఏసీ సంగతి. మీరు రాయలేదు గాని, రాత్రి గదిలోకి రాగానే రిమోట్ మీద 18 లేదా 20 నొక్కుతారని నా అనుమానం. తక్కువ అంకె నొక్కితే గది త్వరగా చల్లబడుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. మీది పాత ఏసీ అంటున్నారు కాబట్టి ఇన్వర్టర్ రకం అయి ఉండదు. అటువంటి దాని కంప్రెసర్ తిరిగితే పూర్తి బలంతో తిరుగుతుంది, లేదా ఆగుతుంది. 20 నొక్కినా 26 నొక్కినా గది చల్లబడే వేగం ఒకటే. తేడా అల్లా 26 దగ్గర అది మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటుంది, 20 దగ్గర మీ పైకప్పు వేడికి ఎప్పటికీ ఆగదు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా తయారు చేయాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. మీరు 26 దగ్గర ఉంచి, ఫ్యాన్ సన్నగా తిప్పుకోండి. మార్చికీ ఏప్రిల్‌కూ పెరిగిన యూనిట్లలో ఎక్కువ భాగం ఏసీదే, అంటే రోజుకు దాదాపు నాలుగు. ఈ ఒక్క మార్పుతో అందులో ఒకటి, ఒకటింపావు మిగులుతుంది. తలుపు కింది సందులో పాత చీర మడిచి పెట్టడం, లోపలి జల్లెడను పదిహేను రోజులకొకసారి నల్లా కింద కడిగి ఆరబెట్టడం పైసా ఖర్చు లేని పనులు.

ఏసీ గురించి ఇంకొక మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే ఇది నా చేతులు కాలి నేర్చుకున్నది. వరుసగా రెండు వేసవులు మా ఇంటికి వచ్చిన మెకానిక్ "గ్యాస్ తగ్గిందమ్మా" అంటూ గ్యాస్ నింపి వేలల్లో తీసుకువెళ్లాడు. మూడో ఏడు వచ్చిన మరో కుర్రవాడు గొట్టం అతికే నట్టు దగ్గర సబ్బు నురగ రాశాడు. కళ్ల ముందే బుడగ ఉబ్బింది. ఏసీలో గ్యాస్ వంటగ్యాస్ లాగా వాడిన కొద్దీ అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ కారేది ఎక్కడో చూపించమని అడగకుండా గ్యాస్ నింపించుకోవద్దు.

మిగిలిన సగం ఫ్యాన్లలో ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది, కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ రకం అదే గాలికి 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. పై అంతస్తు ఇంట్లో, పెద్దావిడ, సెలవుల్లో ఉన్న పిల్లలు, మిషన్ మీద మీరు ఉండగా, ఫ్యాన్లు రోజుకు పద్దెనిమిది గంటలైనా తిరుగుతాయి. అటువంటి రెండింటిని మారిస్తే రోజుకు యూనిట్టున్నర పైనే తగ్గుతుంది, నెలకు 48 యూనిట్లు. రెండు ఫ్యాన్లకు ఐదారు వేలు పెట్టాలి గదా అంటారేమో. ఏప్రిల్‌లో వచ్చినటువంటి బిల్లులు మూడు కట్టినా దాదాపు ఐదు వేలే. ఒకేసారి రెండు కొనలేకపోతే అత్తయ్య గదిలోది ముందు మార్చండి, అందరికన్నా ఎక్కువ సేపు తిరిగేది అదే. బిగించేటప్పుడు పాత రెగ్యులేటరును తప్పించి వైరు నేరుగా ఇవ్వమని ఎలక్ట్రీషియనుకు చెప్పాలి. ఇల్లు మారినప్పుడు ఫ్యాన్లను విప్పుకొని వెళ్లవచ్చు కాబట్టి అద్దె ఇల్లని సందేహించనక్కరలేదు.

ఇప్పుడు మీటరు. బిల్లు కొట్టే మనిషి వచ్చిన రోజు రీడింగు మీ బిల్లు మీదే ఉంటుంది. ఆ తేదీ నుంచి ప్రతి ఆదివారం ఉదయం మీటరు తెర మీద మారుతూ వచ్చే అంకెల్లో కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనిపించే అంకెను, పాలవాడి లెక్క గీసుకునే క్యాలెండరు గడిలోనే రాసుకోండి. వారానికి 46 యూనిట్లు మీ హద్దు. ఒక వారం 52 పడితే గుండెలు బాదుకోవలసిన పని లేదు, వచ్చే వారం ఏసీని మూడు గంటల బదులు రెండు గంటలకు కుదిస్తే సరిపోతుంది. మీ పెద్ద పిల్లకో పిల్లాడికో ఈ పని అప్పగించండి. సెలవుల్లో తీసివేతలు నేర్పడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనిపించలేదు. మీ పోర్షన్‌కు మీటరు వేరుగా ఉన్నదనుకొని ఇదంతా చెబుతున్నాను. కింది వాటాతో కలిసి ఉంటే రెండిళ్ల యూనిట్లూ ఒకే లెక్కలో పడతాయి కాబట్టి ముందు యజమానితో మాట్లాడి వేరు చేయించుకోవాలి.

పై అంతస్తు కావడం వల్ల పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా ఆ వేడిని మీ మంచాల మీదికి వదులుతూ ఉంటుంది. డాబా మీద సున్నం కొట్టించడం దీనికి మన పెద్దల మందే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం అని ప్రకటించినదాని సారం కూడా తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుందన్నదే. డాబాను శుభ్రంగా ఊడ్చి కడిగి, జల్లెడ పట్టిన సున్నంలో పట్టు కోసం కొంత ఫెవికాల్ కలిపి, పొద్దు వాలాక తడి మీద రెండు పూతలు వేయాలి. సామాను ఖర్చు వందల్లోనే ఉంటుంది, మీ వారు ఒక ఆదివారం సాయంత్రం నడుం బిగిస్తే కూలీ కూడా మిగులుతుంది. యజమాని అనుమతి అడగండి. స్లాబుకు మేలు చేసే పనిని ఊరికే చేసిపెడతామంటే కాదనే యజమాని అరుదు. మే నెల సగమైనా గడవలేదు కాబట్టి ఇప్పుడు కొట్టినా దండగ కాదు, కాకపోతే గట్టి వానలకు కొట్టుకుపోతుంది, వచ్చే ఏడు మార్చిలోనే మళ్లీ వేసుకోవాలి. ఇక గాలి కోసమని పగలంతా కిటికీలు తీసి ఉంచే అలవాటు మీకుంటే మానుకోండి. ఉదయం తొమ్మిదికి మూసి దళసరి తెరలు దించి, చీకటి పడ్డాక బార్లా తీయాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆదా చేయవద్దని గట్టిగా చెబుతాను. మీ ఊళ్లో ఎండ 44, 45 డిగ్రీలు పలికే మధ్యాహ్నాల్లో పెద్దవారికి ఫ్యాన్ గాలి వడగాలితో సమానం. అత్తయ్యకు తల తిరిగినా, ఒళ్లు కాలుతున్నా, మాట తడబడినా యూనిట్ల లెక్క పక్కన పెట్టి ఏసీ వేయండి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మీటరు భయంతో ఆవిడ తనంతట తాను ఫ్యాన్ కట్టేసుకుని కూర్చునే పరిస్థితి రానివ్వకండి. ఆ తరం వారికి ఆ అలవాటు ఉంటుంది.

నీళ్ల విషయానికి వస్తే, ఇరవై రూపాయల క్యాన్లు రోజుకు రెండు చొప్పున మీ 1,200 తేలింది. ఐదుగురు తాగడానికి ఒక క్యాను చాలు. రెండోది అన్నం, పప్పు, టీలలోకి పోతున్నదని అనుకుంటున్నాను. మున్సిపల్ నల్లా నీళ్లు వడగట్టి వంటకు వాడుకుంటే ఆరు వందలు మిగులుతాయి, మరగకాచి చల్లార్చుకుంటే తాగడానికీ పనికివస్తాయి. బోరు నీళ్ల విషయంలో ఈ మాట వర్తించదు, ఎందుకంటే మరగబెట్టినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఒక రంజన్ కొని, గాలి ఆడే మూల తడి ఇసుక మీద నిలబెట్టండి. కుండ గోడల్లోంచి చెమర్చిన నీరు ఆరిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది కాబట్టి గాలి తగలని మూలలో పెడితే చల్లబడదు. నిరుటి కుండ అయితే సూక్ష్మరంధ్రాలు పూడుకుపోయి పెద్దగా పనిచేయకపోవచ్చు. రంజన్ ఉన్న ఇంట్లో పిల్లలు పది నిమిషాలకొకసారి ఫ్రిజ్ తలుపు తీయరు, అదీ మీ మీటరుకు మంచిదే.

కూల్‌డ్రింకులను ఒక్కసారిగా బంద్ చేస్తే పిల్లలు తిరగబడతారు. వారానికి ఒక ఐస్‌క్రీము ఉండనివ్వండి. మిగిలిన రోజుల్లో మజ్జిగలో ఉప్పు, కరివేపాకు నలిపి వేసి రంజన్ పక్కనే గిన్నెలో ఉంచితే దాహం వేసినప్పుడు చేయి దానంతట అదే అటు వెళుతుంది. ఈ రోజుల్లో నిమ్మకాయ ధర మండిపోతుంది గనుక దాని బదులు మామిడికాయ ఉడికించి బెల్లంతో పానకం కలపవచ్చు. మధ్యాహ్నానికి పచ్చిపులుసు చేస్తే పొయ్యి దగ్గర నిలబడే పని కూడా తగ్గుతుంది. పుట్టిల్లు తెలంగాణలోనే అయితే పిల్లలతో పది రోజులు వెళ్లి రండి; పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు, ఆ పది రోజులూ ఇక్కడ మీటరు కూడా నెమ్మదిగా నడుస్తుంది.

ఇక మీ అత్తయ్య మౌనానికి కారణమైన ఆవకాయ. ఇంటి రుచి అని చెప్పుకునే పచ్చడి దుకాణంలో కిలో మూడు, నాలుగు వందలకు తక్కువ రాదు, ఐదుగురున్న ఇంట్లో ఆ సీసా పదిహేను రోజులు నిలవదు. మానేసి మిగిల్చేదేమీ లేదు. అయితే ఎప్పుడూ పెట్టినంత పెట్టాలనీ లేదు. నిరుటి జాడీ మూత తీసి ఎంత మిగిలిందో చూడండి. సగం జాడీ నల్లబడి అడుగున ఉందంటే, ముప్పై కాయలు పెట్టే చోట ఈసారి ఇరవై చాలు. కంది పప్పు, చింతపండు కూడా డబ్బాల్లో ఉన్నది కొలిచాకే కొనండి. పప్పుకు ఆముదం రాసి ఎండబెట్టి, చింతపండు గింజ తీసి ఉప్పు పట్టించి దాచుకునే ఓపిక ఉంటేనే ఏడాది సరుకు లాభం, లేకపోతే పురుగులకు పెట్టినట్టే. కారం పొడి కొనకుండా మిరపకాయలు తొడిమ తీసి రెండు రోజులు ఎండబెట్టి గిర్నీలో పట్టించుకోండి. మిర్చికి పేరుపడ్డ మార్కెట్ ఊళ్లోనే పెట్టుకొని పొట్లం కారం కొనడం నాకు మనసొప్పదు. ఈ ఎనిమిది వేలు వచ్చే ఏడు ఒక్కసారిగా మీద పడకుండా ఉండాలంటే ఈ నెలలోనే నెలకు 670 చొప్పున బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి, మహిళా సంఘంలో ఉంటే అక్కడైనా సరే. జీరో బిల్లు తిరిగి తెచ్చుకున్న నెలలో ఆ 670 ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న రాదు.

పచ్చడిలో నూనె తగ్గించి మిగిల్చాలని మాత్రం చూడవద్దు. ముక్క మీద నూనె తేలకపోతే శ్రావణానికల్లా బూజు పట్టి జాడీ మొత్తం పారబోయవలసి వస్తుంది. తెల్లవారి రైతుబజారుకు వెళ్లి పుల్లని, పీచున్న గట్టి కాయ చూసుకొని, అక్కడే పెద్ద కత్తిపీట మీద ప్రతి ముక్కకూ టెంక ఉండేలా కొట్టించుకోండి. ఇంటికి వచ్చాక జీడి, పొర తీసి పొడిగుడ్డతో తుడిచే పనికి పిల్లలు ఉన్నారు. గాలిదుమారం వచ్చిన మర్నాడు రాలిన కాయలు సగం ధరకే గుట్టలు పోసి అమ్ముతారు. అవి పప్పులోకి, పులిహోరలోకి తెచ్చుకోండి. ఆవకాయకు చెట్టు మీద కోసిన కాయే తేవాలని, మీరు ఈ సంగతి ఎత్తగానే అత్తయ్యే మాట కలుపుతారు.